హాస్టల్ మోరీ, వార్డెనమ్మ అరచెయ్యి

2004 జనవరి. ఖమ్మంలో మా దుకాణం అప్పుడప్పుడే నిలదొక్కుకుంటోంది. మూసుకుపోయిన మోరీలు, డ్రైనేజీ పైపులు తెరవడం మా పని. ఊళ్లో కొందరు నన్ను 'మోరీల డాక్టర్' అనేవారు. అది వెక్కిరింపో మర్యాదో నేనెన్నడూ తేల్చుకోలేదు, పిలిస్తే పలికేవాణ్ని. దుకాణంలో ఒక ఫోను, బయట పాత వ్యాను, అందులో కొత్త జెట్టింగ్ మిషన్. సన్నని గొట్టంలోంచి నీళ్లను బలంగా చిమ్మి పైపులోని అడ్డును పగలగొట్టే యంత్రమది.

ఈ పనిలో సగం కష్టం ఫోన్లోనే ఉంటుంది. ఎక్కడ అడ్డుపడింది అంటే 'అంతటా' అంటారు. ఎప్పటినుంచి అంటే 'ముందు మీరు రండి, అన్నీ చెప్తాం' అంటారు. తీరా వెళ్తే అప్పటికే సీసాలకు సీసాలు యాసిడ్ పోసి కూర్చుంటారు. ఆ నీళ్లలో చెయ్యి పెట్టాల్సింది ఒక మనిషేనన్న ధ్యాస ఎవరికి ఉంటుంది! అందుకే ఆ రోజు వచ్చిన ఫోను ఇన్నేళ్లయినా నాకు గుర్తుంది.

"నేను చండ్రుగొండ దాటినంక అడవి మొదట్ల ఉన్న ఆడపిల్లల హాస్టల్ వార్డెన్ను సార్, పేరు రత్నకుమారి. మా మోరీ నిండింది" అన్నారామె. నేను అలవాటు కొద్దీ ఎక్కడమ్మా అని అడిగాను.

"వంటింటి పక్క చాంబర్ మూత తీసి చూసిన. నిండుగ ఉన్నది. గేటు దగ్గరి చాంబర్ ఎండిపోయి ఉన్నది. ఆ రెంటి నడుమనే ఏందో పడ్డది."

చాంబర్ అంటే పైపులు కలిసేచోట కట్టే చిన్న ఇటుకల గుంట. నిండిన గుంటకీ ఎండిన గుంటకీ మధ్యే అడ్డు ఉంటుందని మా దగ్గర పనికి చేరినవాళ్లకు నేర్పడానికే నా తలప్రాణం తోకకొచ్చేది. ఈవిడ ఫోన్లో అరనిమిషంలో చెప్పేశారు.

"యాసిడ్ ఏమైనా పోశారా?"

"లే సార్. మీ మనిషి అండ్ల చెయ్యి పెడ్తడు గదా, ఎట్ల పోస్త?"



తర్వాత అసలు సంగతి చెప్పారు. ఆ హాస్టల్ చర్చి కమిటీ వాళ్లది, పిల్లలంతా అడవి పల్లెలవాళ్లు. రేపు సాయంత్రంలోగా మోరీ తెరుచుకోకపోతే పిల్లలందర్నీ ఇళ్లకు పంపేద్దామని కమిటీ పెద్ద అన్నారట.

"మార్చిల పదో తరగతి పరీక్షలు సార్. ఇప్పుడు పంపితే అందరు మళ్ల రారు. పోయినేడు జరాలొచ్చినయని పంపితే సమ్మక్క అనే పిల్ల రానే రాలే. నేనే అడవిల నడుచుకుంట పోయి తోలుకొచ్చిన. ఈయేడు ఆమె పది. ఎట్లన్న జేసి రాండ్రి."

ఆ మర్నాడు వేరే రెండు పనులున్నాయి. రెండూ వాయిదా వేశాను.

పొద్దున్నే మా ఆపరేటర్ యాకూబ్, నేనూ బయల్దేరాం. అడవి దగ్గరపడేకొద్దీ చలి ఎముకల్లోకి దిగింది. హాస్టల్ వరండాలో పిల్లల రేకు పెట్టెలు ప్రయాణానికి సర్ది వరసగా పెట్టి ఉన్నాయి. ఒక పెట్టె మీద కూర్చుని ఒక అమ్మాయి లెక్కలు చేసుకుంటోంది. వార్డెనమ్మ ఎదురొచ్చి, "ఆమెనే సమ్మక్క" అన్నారు. మా మిషన్‌కి కావాల్సిన నీళ్లు డ్రమ్ముల్లో నింపి, యాకూబ్‌కి సబ్బు, తువ్వాలు కూడా తీసి పెట్టారు. యాకూబ్ ఆ తువ్వాలు వంక చూసి, "సార్, పెండ్లికి పిలిచిండ్రా మనల్ని?" అన్నాడు.

కమిటీ పెద్ద ఇమ్మానియేలు గారు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. చెడ్డ మనిషి కాదు, పిల్లలకు మళ్లీ జబ్బులొస్తాయని ఆయన భయం. కానీ నోరు ఊరుకోదు. "వీళ్లకు బాత్రూం వాడుడు రాదయ్యా. ఆకులు, రాళ్లు అన్నీ అండ్లనే ఏస్తరు."

"చూడకముందే అనకుండ్రి అయ్యా" అన్నారు వార్డెనమ్మ.

ఎండిన చాంబర్ వైపునుంచి గొట్టం పెట్టి మిషన్ ఆన్ చేశాం. కాసేపటికి తెల్లటి గడ్డలు దొర్లుకుంటూ వచ్చాయి. ఆకుల్లేవు, రాళ్లు లేవు. అంత తెల్లగా, గట్టిగా ఉన్న గడ్డలు నేను అంతకుముందు చూడలేదు. ఇమ్మానియేలు గారు మాత్రం ఎగిరిపడ్డారు. "కొవ్వొత్తులు! క్రిస్మస్‌కు మనం పంచిన కొవ్వొత్తులు మోర్లె పడేసిండ్రు! నేను చెప్పలే? జీపుకు కబురు పెట్టుండ్రి, అందర్ని పంపుదాం!"

సమ్మక్క పుస్తకం మూసేసింది.

వార్డెనమ్మ వంగి ఒక గడ్డ తీసుకుని, నీళ్లతో కడిగి, అరచేతిలో పెట్టుకుని పిడికిలి బిగించారు. కాసేపటికి వేళ్ల సందుల్లోంచి పసుపుపచ్చటి నూనె కారింది. వాసన చూశారు.  కొవ్వొత్తి మైనం చేతివేడికి కరగదని నాకప్పుడు వెలిగింది.

నా పక్కకి వచ్చి మెల్లగా అన్నారు. "ఇప్పనూనె సార్, ఇప్పగింజలు గానుగ పట్టి తీస్తరు. పిల్లల తల్లులు డబ్బాలల్ల తెచ్చిస్తరు. దాంతోనే వండిస్త, పిల్లలు ఇష్టంగ తింటరని. గిన్నెలు కడిగిన జిడ్డంత ఈ మోర్లకే పోయింది. సలికి గడ్డకట్టింది."

ఆమె ఉద్యోగం పోతుందేమో అనిపించింది. "పైపు పాతదని చెప్తానమ్మా. నేను చెప్తే నమ్ముతారు" అన్నాను.

"వద్దు సార్. పైపు పాతదంటే తవ్వాలంటరు. తవ్వుడయ్యేదాక పిల్లల్ని పంపుతరు. ఉన్నదే చెప్తె ఇయ్యాలనే అయిపోతది."

అని, నేరుగా ఇమ్మానియేలు గారి దగ్గరికెళ్లి తడి చెయ్యి చాపారు. "అయ్యా, ఇవి కొవ్వొత్తులు గావు. ఇది నా వంటింటి నూనె. తప్పు నాది, పిల్లలది గాదు. నా మీద కమిటీల ఏమన్న పెట్టుకోండ్రి. పిల్లల్ని మాత్రం కదిలియ్యకుండ్రి."

ఆయన ఆ చెయ్యి వంక చూశారు. రుమాలు జేబులో పెట్టుకున్నారు. "అయితె ఆ నూనె బంద్ చెయ్యి" అన్నారు, గొంతు తగ్గించి.

"అది చెయ్య అయ్యా. తల్లులు తెచ్చిన నూనె వద్దంటె, వాళ్ల పిల్లల్ని వద్దన్నట్టే అనుకుంటరు. ఇంకేదన్న ఉపాయం చూద్దాం."

ఉపాయం నేను చెప్పాను. వంటింటి బయట గ్రీజ్ ట్రాప్ కట్టాలి. అది చిన్న తొట్టి. జిడ్డు పైన తేలి అందులోనే ఆగుతుంది, నీళ్లు మాత్రం పైపులోకి పోతాయి. ఇమ్మానియేలు గారు వెంటనే సరేనన్నారు.

ఇక పని మొదలైంది. ఉత్త వేడినీళ్లు పోస్తే నూనె కరిగి ముందుకు పోయి మళ్లీ గడ్డకడుతుంది. అందుకని పైనుంచి వేడినీళ్లు, కింది చాంబర్ నుంచి జెట్టింగ్, వచ్చిన గడ్డ వచ్చినట్టు బకెట్లోకి ఎత్తడం. వంటామె పొయ్యిలన్నీ వెలిగించింది. వార్డెనమ్మ కొంగు దోపుకుని యాకూబ్ పక్కనే నిలబడి బకెట్లు అందించారు. కాసేపటికి చూస్తే ఇమ్మానియేలు గారు కూడా ప్యాంటు మడిచి వేడినీళ్లు మోస్తున్నారు! పొద్దుగూకేలోపే నీళ్లు గడగడమంటూ గేటు దాటి పోయాయి. పిల్లలు ఒకటే చప్పట్లు. సమ్మక్క చప్పట్లు కొట్టలేదు, తన పెట్టె ఈడ్చుకుంటూ లోపలికి పోయింది.

ఆ కేసు తర్వాత నేను ఫోన్లో మొదట అడిగే ప్రశ్న మారింది. ఎక్కడ అడ్డుపడింది అనే ముందు మీ ఇంట్లో ఏం వండుతారు అని అడుగుతాను. కొందరు నవ్వుతారు, నవ్వనీ. ఇంకొకటి కూడా నేర్చుకున్నాను. మోరీ మూసుకుపోతే ఎవరి తప్పని వెతికే నోళ్లు వంద ఉంటాయి. అందులోంచి వచ్చినదాన్ని చేతిలోకి తీసుకుని నాదేనని చెప్పిన మనిషిని మాత్రం నేను అక్కడే చూశాను.

వేసవిలో ఒకరోజు మళ్లీ ఆమె ఫోన్.  "ఏమైందమ్మా, మళ్లీ నిండిందా?" అన్నాను.

"మోరీ మంచిగనే ఉన్నది సార్. సమ్మక్క పది పాసయింది. మీకూ, యాకూబ్‌కూ చెప్పుమన్నది."

ఎన్నో ఇళ్ల మోరీలు తెరిచాం. పని అయ్యాక మళ్లీ మా ముఖం చూడాలని ఎవరూ అనుకోరు, అందులో తప్పేం లేదు. తన పరీక్ష ఫలితం మాకు చెప్పమని కబురు పెట్టింది మాత్రం ఆ పిల్ల ఒక్కతే. ఫోను పెట్టేసి యాకూబ్‌కి చెప్తే, వాడు చేతిలో రాడ్ కింద పెట్టి, "మనపిల్ల పాసయింది సార్" అన్నాడు.