చెక్కేసిన చేపతోక

కంప్యూటర్లో ఏదో తీసేసి "డిలీట్ చేశానవ్వా" అంది మనవరాలు. అంటే పూర్తిగా పోయినట్టేనా అని అడిగాను. ముందు పేరే పోతుందట, అసలుది లోపలే పడి ఉంటుందట, తర్వాత దాని చోట్లోకి ఇంకొకటి వచ్చి కూర్చుంటుందట. ఆ యంత్రం మొహం తెలియని రోజుల్లోనే మా బావ నన్ను డిలీట్ చేశాడు. దాన్నే రాసుకోమని ఇది చెబుతున్నాను.

అప్పటికి నైలాన్ రాలేదు, అన్నీ నూలు వలలే. మా జాలర్ల పల్లెను కుప్పం అంటారు, కుప్పంలో పెద్దవల అందరిదీ. ఇంటికొక ముక్క అల్లి కలిపేవాళ్లం. వల తేలడానికి ఎవరి ముక్కకు కట్టిన చెక్క బెండ్ల మీద వాళ్ల గుర్తు కోసి ఉండేది. గుర్తు ఉంటేనే ఒడ్డున పంచే చేపల్లో పాలు. మాది చేపతోక. నా మొగుడు సముద్రంలో పోయాక నాకూ నా బిడ్డకూ కూడు ఆ తోకే.

దినాలు కాగానే నా మొగుడి అన్న మా బెండ్లు ముందేసుకుని, చేపల కత్తితో తోకను చెక్కుతున్నాడు. పొగాకు నములుతూ ఆ ఎంగిలి వాటి మీదే ఊస్తున్నాడు.

"ఏంది బావా, ఏం చేస్తుండావు?"

"మొగోడు లేని ఇంటికి గుర్తెందుకమ్మే? నాది కోసుకుంటా. నీకు తలకాయలు పడేస్తాలే."

తలకాయలు! పిల్లికి వేసినట్టు. ఇప్పటికీ చేప తలకాయ చూస్తే నాకు డోకొస్తుంది.

నీళ్లు తాగకుండా బెండ్లకు చేపనూనె పట్టిస్తారు. వాడు ఆత్రంలో లోతుగా చెక్కి, మళ్లీ నూనె పూయకుండానే వల దింపించాడు. బెండ్లు నీళ్లు తాగి బరువెక్కాయి. లాగేటప్పుడు ఆ ముక్క కుంగింది. చేపలన్నీ దాని మీదుగా దాటిపోయాయి. ఒడ్డుకు చేరింది కంపుకొట్టే నాచు.

కుప్పంలో తగవులు తీర్చే పెద్దకాపు ఒక బెండు తీసి వేలితో తడిమాడు. ఎంత చెక్కినా తోక కొస మిగిలే ఉంది.

"ఎవురి ముక్కరా ఇది? కొత్త బెండ్లు కట్టి, ఆ పిల్ల గుర్తు ఆ పిల్లకు కొయ్యి."

"నేనే కోసుకుంటా పెద్దకాపా" అన్నాను.

"ముండమోపి ముట్టుకుంటే చేపలు పడవు!" బావ అరిచాడు.

"నువ్వు ముట్టుకుంటే పడినాయా బావా?"

ఒడ్డంతా నవ్వింది. పెద్దకాపు బావ మొలలోని కత్తి లాగి నాకిచ్చాడు. పిడికి పొగాకు ఎంగిలి అంటుకుని ఉంది. ఛీ! ఇసుకతో తోమి, సముద్రంలో కడిగి, అప్పుడు కొత్త బెండ్ల మీద కోశాను తోక.