మావయ్యకి నేను కొట్టిన రెండు టెలిగ్రాములు

పోయిన మంగళవారం పొద్దున్న, టెక్కలిలో నేను బడికి బయల్దేరుతుంటే అత్త ఫోన్ చేసింది. "మీ మావ ఎలిపోనాడమ్మీ" అంది. కిడ్నీలు పాడై రెండేళ్లుగా మంచం పడుతూ లేస్తూ ఉన్న మనిషి. తెలిసిన కబురే. అయినా ఆ పూట బడిలో హాజరు పట్టీ తెరిచి, ఎవరి పేరూ పిలవలేక మూసేశాను.

మా అమ్మకి ఒక్కడే తమ్ముడు. పూండి అవతల ఉద్దానంలో, జీడి తోటల మధ్య మా ఊరు. ఊళ్లో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు, అందరికీ 'మిలట్రీ'యే. పదాతి దళంలో సిపాయిగా చేరి, హవల్దారుగా దిగాడు. పదాతి దళమంటే ఏమిటి మావా అని చిన్నప్పుడు అడిగితే, "నడిసీవోల్లమమ్మీ. బరువు మోత్తాం, నడుత్తాం, కూకోమన్నకాడ కూకుంటాం" అన్నాడు. పట్టాళం గురించి ఆయన నాకు చెప్పిన పాఠం అంతే.

సెలవుకి వస్తే చూడాలి ఆయన్ని. కోడి కూయకముందే లేచి, అద్దం లేకుండా తడుముకుంటూ గడ్డం గీసుకునేవాడు. దుప్పటి మడత పెడితే ఇటిక పేర్చినట్టు ఉండేది. కొబ్బరి మొక్కలు నాటుతూ తాడు పట్టి, ఒక్కటి వంకరగా ఉందని వరసంతా పీకించాడు ఒకసారి. "సెట్లకి పెరేడెందుకురా" అని అమ్మమ్మ తిట్టింది. వెళ్లేటప్పుడు సంచెడు కాల్చిన జీడిపిక్కలు మోసుకుపోయేవాడు. అక్కడ తోటి సిపాయిలు ఆయన్ని 'కాజూ' అనేవారట.

సెలవు దొరకడమే కష్టం. అందుకే మా వైపు కొడుకుల్ని పట్టాళానికి పంపిన ఇళ్లలో, ఇంగ్లీషు అక్షరం రానివాళ్లకి కూడా నాలుగు మాటలు నోటికి వచ్చు. మదర్ సీరియస్, స్టార్ట్ ఇమీడియట్లీ. పెళ్లికీ అదే టెలిగ్రాం, జీడి కోతకీ అదే, కొత్తింట్లో పాలు పొంగించడానికీ అదే. అబద్ధమని రాసేవాళ్లెవరూ అనుకోలేదు. అది పిలుపు, అంతే.

తొంభైల చివర్లో కొండల మీద యుద్ధమని టీవీలో రోజూ చూపించిన వేసవి. యుద్ధం ఆగిందన్నారు, మావయ్య క్షేమమని ఉత్తరం కూడా వచ్చింది. అమ్మమ్మ నమ్మలేదు. "కాయితం సెప్తే సాలదు, నా కల్లతో సూడాల" అని కూర్చుంది. అప్పుడు నేను పలాసలో డిగ్రీ చదువుతున్నాను కాబట్టి ఇంగ్లీషు పని నాదే. టెలిగ్రాం ఆఫీసులో గుమాస్తా కాగితం తీసుకుని, ఈ వారంలో ఇది నాలుగో అమ్మ అన్నాడు.

నిజమో కాదో తేల్చమని పట్టాళం వాళ్లు అడిగితే, పోలీసులు ఒక కానిస్టేబుల్ని ఊళ్లోకి పంపారు. అరుగు మీద పిక్కలు కొడుతున్న అమ్మమ్మ పరుగున లోపలికి పోయి, ఆ ఎండల్లో మెడ దాకా కంబళి కప్పుకుంది. చేతులు మాత్రం బయటే ఉండిపోయాయి. పది వేళ్లకీ నల్లగా జీడి మరక. ఆయన ఆ వేళ్లు చూశాడు, మా మొహాలు చూశాడు, కొబ్బరి బొండం తాగి, ముసలమ్మ పరిస్థితి బాగోలేదని రాసుకుని వెళ్లిపోయాడు. మహానుభావుడు.

అయిదో రోజున ట్రంకు పెట్టె భుజాన పెట్టుకుని మావయ్య పూండి స్టేషను నుంచి పరుగులాంటి నడకతో వచ్చాడు. వాళ్లమ్మ పెరట్లో చేపలు తోముతోంది. కాసేపు గుమ్మంలోనే నిలబడిపోయాడు. తరవాత పెట్టె మీద కూర్చుని, బూట్లు విప్పుతూ, టెలిగ్రాం ఎవరు కొట్టారని అడిగాడు. నేను చెయ్యెత్తాను. స్పెల్లింగు బాగుందన్నాడు. ఆ పది రోజులూ మా ఇంట్లో నవ్వులే నవ్వులు.

మూడేళ్ల తరవాత అమ్మమ్మ నిజంగానే తోటలో పడిపోయింది. ఒక పక్కంతా చచ్చుబడింది, మాట పోయింది. అమ్మ ఏడుస్తూ నన్ను పలాస తోలింది. అదే ఆఫీసు, అదే గుమాస్తా, అదే కాగితం. నేను రాసినవీ అవే నాలుగు మాటలు. 'నిజంగా' అనే ముక్కకి ఇంగ్లీషు నాకు రాదా? వచ్చు. తట్టలేదు.

పైన మంచులో ఎక్కడో కాపలాలో ఉన్న మావయ్య దాన్ని చదివి నవ్వాడట. కిందికి దిగే బండిలో ఒక్కరికే చోటుందంటే, మా అమ్మకిది అలవాటే అని చెప్పి, పెళ్లాం పురిటికి ఉన్న ఇంకో సిపాయికి ఆ చోటు ఇచ్చేశాడట. ఈ సంగతి తరవాతెప్పుడో అత్త చెప్పింది. అమ్మమ్మ నాలుగో రోజున పోయింది. ఆయన వచ్చేసరికి పదకొండో రోజు భోజనాలు కూడా అయిపోయాయి. ఖాళీ మంచం పక్కన కూర్చున్నాడు తప్ప నన్ను ఒక్క మాట అడగలేదు. అడిగి, తిట్టి ఉంటే బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో.

నౌకరీ దిగి ఊరు చేరాక ఆయనకి ఒక అలవాటు పట్టుకుంది. ఎవరు పిలిచినా వెంటనే లేచిపోవడం. కంచంలో చెయ్యి పెట్టి ఉన్నా సరే, కడుక్కుని బయల్దేరేవాడు. ఆకతాయిలు పేకాటకి చెయ్యి తక్కువైందని పిలిచినా వెళ్లేవాడు. ఎందుకని అడగవేం మావా అంటే, "పిలిసినాక అడిగీదేటి" అనేవాడు. ఊరు నవ్వుకుంది. నాకు మాత్రం ఆ మాట విన్నప్పుడల్లా, నన్ను అనలేక అలా అంటున్నాడేమో అనిపించేది.

తరవాత ఉద్దానంలో ఇంటింటికీ వచ్చే జబ్బు ఆయనకీ వచ్చింది. డయాలసిస్‌కి విశాఖ వెళ్లే రోజుల్ని డ్యూటీ అనేవాడు. పోయిన నెల తనే ఫోన్ చేసి, ఓసారి వచ్చి వెళ్లమన్నాడు. ఎందుకని నేను అడగలేదు. సెలవు చీటీ రాసి, మధ్యాహ్నం బస్సెక్కాను.

అరుగు మీద నులక మంచం వేసుకుని కూర్చున్నాడు. మొహం ఉబ్బింది, గడ్డం మాత్రం నున్నగా గీసి ఉంది. సెలవు ఎన్నాళ్లని అడిగాడు. మిలట్రీ మనిషికి మొదటి ప్రశ్న అదే కదా. రెండు రోజులన్నాను. ఎందుకు పిలిచాడో చెప్పలేదు, ఊరికే చూడాలనిపించిందన్నాడు. ఇక ఆగలేక, ఇన్నేళ్లూ మింగుకున్నది అడిగేశాను. ఆ రెండోసారి ఇంకొక్క మాట రాసి ఉంటే వచ్చేవాడివి కదా మావా, నా మీద కోపం లేదా అని.

పక్కకి జరిగి, మంచం మీద నాకు చోటు చూపించాడు.

"నువ్వేటి తప్పు రాసినావమ్మీ? అబద్దమాడి పిలిసినా, నిజం సెప్పి పిలిసినా, పిలిసింది అమ్మే కదా. ఎల్లాల. ఎల్లనోడిని నాను."

నాకు ఏడుపు ఆగలేదు. సిన్నపిల్లలాగ అదేటని కసురుతూ, నా చెయ్యి లాగి తన ఎడమ చేతి మీద పెట్టుకున్నాడు. డయాలసిస్ కోసం రెండు నరాలు కలిపి కుట్టిన చోటు అది, తాడులా ఉబ్బి ఉంది. "సూడు, ఎలా కొట్టుకుంతందో" అన్నాడు. నా వేళ్ల కింద ఆయన నెత్తురు గుయ్యిమని రొద చేస్తూ పరుగెడుతోంది. అలాగే కునుకు పట్టింది ఆయనకి. పొద్దు వాలేదాకా నేను చెయ్యి తియ్యలేదు.