ఏరు అంటే నీళ్ళు

ఉదయం తొమ్మిదీ నలభైకి ఒకటో తరగతిలో ఒక పిల్ల లేచి నిలబడి "ఏరు" అంది. జులై నెల. బడి వెనక వాగు నిండుగా పారుతోంది. "ఏటికి పోకూడదు, కూర్చో" అన్నాను. కూర్చుంది. కాసేపటికి మళ్ళీ లేచి అదే మాట అంది. ఈసారి గట్టిగా చెప్పాను. మూడోసారి అడగలేదు, ఏడ్చింది.

వరండా ఊడుస్తున్న కామాటి చీపురుతోనే గుమ్మంలోకి వచ్చి నవ్వింది.

"సారూ, గా పిల్ల ఏటికి పోతనంటలేదు. దూపయితుందంటుంది. మీ తెలుగుల ఏరంటే పారేది. మా కోయల ఏరంటే తాగేటిది."

"మరి నీళ్ళు అనొచ్చుగా?"

"నీకు మా మాట రాకపాయె, దానికి మీ మాట రాకపాయె. దానికి ఆరేండ్లు. నీకెన్ని?"

పిల్లలకు ఏమీ అర్థం కాకపోయినా ఆమె నవ్విందని నవ్వారు.

నేను ఆ బడికి వచ్చి అప్పటికి పదిహేను రోజులు. మాది సత్తుపల్లి వైపు. బడి దుమ్ముగూడెం దాటాక అడవిలోకి పోయే దారిలో ఉంది. పిల్లలు అక్కడే హాస్టల్లో ఉంటారు. కామాటి అంటే ఊడవడం, గిన్నెలు తోమడం, చిన్నపిల్లలకు తలస్నానం చేయించడం వంటి పనులన్నీ చేసే మనిషి. ఆమె కోయ మనిషి, నాకన్నా పదేళ్ళు పెద్ద. అందరం అక్కా అనేవాళ్ళం. ఆమె మాత్రం హెడ్మాస్టరుతో సహా అందరినీ "నువ్వు" అనే అనేది.

మర్నాటి నుంచి పొద్దుటి గిన్నెలు అయ్యాక వచ్చి, మొదటి పీరియడ్ అంతా గుమ్మంలో నిలబడేది. నేను తెలుగులో చెప్పింది తను వాళ్ళ మాటలో చెప్పేది. చేతిలో చీపురు కింద పెట్టేది కాదు. ఎవరైనా వస్తే ఊడుస్తున్నట్టు కనిపించాలి. ఆ చీపురు పక్కన పెట్టమని నేనూ ఏనాడూ అనలేదు.

ఒకసారి కూడికలు చాలాసేపు వివరించాను. ఆమె రెండు ముక్కల్లో ముగించింది.

"అంతేనా అక్కా? నేను చాలా చెప్పాను."

"నువ్వు చెప్పిన దాంట్ల వాళ్ళకు పనికొచ్చేది గంతే. మిగిలింది నీకోసం చెప్పుకున్నవ్."

నాలుగేళ్ళు అలా జరిగింది. ఒకటో తరగతి నుంచి ఇంటికి పారిపోయే పిల్లలు తగ్గారు. ఆ పేరు నాకు వచ్చింది. ఒక ఆగస్టు పదిహేనున నాకు శాలువా కప్పారు. ఆమె ఆ పూట కుర్చీలు వేసింది, అయ్యాక తీసింది.

తర్వాత ఒక వార్త వచ్చింది. చిన్న తరగతుల్లో పిల్లల భాషలో చెప్పగలిగేవాళ్ళను తీసుకుంటున్నారు, పెద్దగా చదువు అక్కర్లేదు, బడిలో ఆ పని చేసినట్టు టీచరు రాసిస్తే చాలు. మధ్యాహ్నం ఆమె నా దగ్గరికి వచ్చింది.

"సారూ, ఒక కాగితం రాసియ్యి. మోకాళ్ళు పాడైనయి, వంగలేకపోతున్న. కూసుండి చెప్పే పనైతే చేస్త."

ఆమె నన్ను ఏదైనా అడగడం అదే మొదలు. హెడ్మాస్టరుకి చెప్పాను.

"రాస్తే రాయండి సార్. కామాటి పాఠం చెప్తుంటే మీరేం చేస్తున్నారని ఎవరైనా అడిగితే మాత్రం నన్ను ఇరికించకండి" అన్నాడు, నవ్వుతూనే.

ఆ సాయంత్రం రాశాను. "ఈమె మా బడిలో శుభ్రత పనులు శ్రద్ధగా చేస్తోంది, ప్రవర్తన మంచిది." పుస్తకాలు చాలా చదివినవాణ్ణి. రాయాల్సిన ఒక్క వాక్యం రాయలేకపోయాను. ఆమెకు చదవడం రాదు. ఆ కాగితం తడవకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని మర్నాడు పొద్దున్నే భద్రాచలం బస్సెక్కింది.

అక్కడి ఆఫీసులో గుమాస్తా దాన్ని చదివి వినిపించాడట. తిరిగి వచ్చి నా బల్ల ముందు నిలబడింది.

"ఊడుస్తనని రాసిండ్రట."

"అబద్ధం రాయలేదక్కా."

"అవ్. అబద్ధం గాదు సారు. మీరు మంచిగనే రాసిండ్రు."

మీరు అంది. ఆ నాలుగేళ్ళలో ఎన్నడూ అనలేదు. ఇంకో కాగితం రాస్తానన్నాను.

"ఏం జేసుకోను? గడువు ఇయ్యాల్టితోనే అయిపోయింది" అని చీపురు తీసుకుని వెళ్ళింది.

మళ్ళీ గుమ్మంలోకి రాలేదు. పిలిస్తే వచ్చేది. వచ్చి, "ఏం ఊడ్వాలె సారు?" అని అడిగేది. రెండుసార్లు పిలిచి మానేశాను. వరండా చివరికి వచ్చేసరికి మూడుసార్లు ఆగి గోడ పట్టుకునేది. అది కిటికీలోంచి కనిపించేది.

పోయిన వానాకాలం జ్వరం వచ్చి దవాఖానాలో చనిపోయింది. బడిలో రెండు నిమిషాలు మౌనంగా నిలబడ్డాం. కొత్తగా వచ్చిన హెడ్మాస్టరు, ఆమె వంట ఎంతో రుచిగా ఉండేదని విన్నానన్నాడు. ఆమె ఆ బడిలో ఒక్కనాడూ వంట చేయలేదు. నేను సరిదిద్దలేదు.

ఒకటో తరగతి ఇప్పటికీ నేనే చెప్తున్నాను. కోయలో నాకు పది పదిహేను మాటలు వస్తాయి. అవి పాఠానికి చాలవు. కొత్త పిల్లలు వచ్చిన వారంలోనే, దాహమైతే బొటనవేలు నోటి దగ్గర పెట్టి చూపించడం నేర్చుకుంటారు. నేను తల ఊపుతాను. వెళ్ళి తాగి వస్తారు. మా తరగతిలో ఇప్పుడు ఎవరూ "ఏరు" అని అడగరు.