బాణాలన్నీ అప్పలలక్ష్మికే

అప్పలలక్ష్మికి బేబి అంటే పడదు. ఎందుకని అడిగితే సవాలక్ష కారణాలు చెబుతుంది గానీ, అసలు సంగతి ఒక్కటే. నర్సీపట్నంలో ఆ జీడిపిక్కల ఫ్యాక్టరీ పెట్టిన నాటి నుంచీ ఉన్నది తను. నిన్నగాక మొన్న చేరిన బేబి అందరికీ ముద్దొస్తోంది. ఇప్పుడు షెడ్డుకి ఇన్‌ఛార్జిని వేస్తారట. అది ఎక్కడ బేబికి దక్కుతుందోనని కళ్లల్లో నిప్పులు పోసుకుంటోంది.

సరిగ్గా అప్పుడే, సరుకు లేటవుతోందని ఓనరు ఉమామహేశ్వరరావు గారు యలమంచిలి నుంచి ఏంజెలిన్‌ని పిలిపించారు. ఏ పని తర్వాత ఏ పనో, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళుతుందో బొమ్మ గీయడం ఆ అమ్మాయి ఉద్యోగం. పనికో పెట్టె, పెట్టెల మధ్య బాణాలు. పాత మనిషి కదా అని అప్పలలక్ష్మినే అడిగింది.

"పిక్కలు ఉడికాయని ఎవరు చెబుతారండీ?"

"నానే."

"గుండు పప్పునీ, విరిగిన బద్దనీ ఎవరు వేరుచేస్తారు?"

అది బేబి పని. ఆ మహాతల్లి ఎవరినీ అడగదు కూడా.

"ఎవులు సేసినా నాను సరే అంటేనే ముందుకెల్తాదమ్మా. ప్యాకింగూ అంతే" అంది అప్పలలక్ష్మి, తడుముకోకుండా.

బాణాలన్నీ ఆమె పెట్టెకే వచ్చాయి. బేబి పేరు ఎక్కడా లేదు. ఆ సాయంత్రం అప్పలలక్ష్మి మల్లెపూలు కొనుక్కుని మరీ ఇంటికెళ్లింది.

మర్నాడు ఓనరు గారు అందరినీ ఆ బొమ్మ ముందుకు పిలిచారు. "సరుకెందుకు లేటవుతోందో తెలిసింది. అన్నీ ఇక్కడే ఆగుతున్నాయి" అంటూ అప్పలలక్ష్మి పెట్టె మీద వేలు పెట్టారు. గొంతులో కోపం లేదు, జాలి ఉంది. "ఒక్కదాని మీద ఇంత బరువేటమ్మా! నువ్వు ఉడకబెట్టేకాడ సూసుకో, సాలు. బేబి సెయ్యి ఖాళీయే కదా, ఇన్‌ఛార్జిగా అదుంటాది."

అప్పలలక్ష్మికి అదంతా అబద్ధమని అరవాలనిపించింది. అరిస్తే, ఆ పనులు బేబే చేస్తోందని ఒప్పుకోవాలి.

"మీరు చెప్పినట్టే గీశాను కదండీ? తప్పేమైనా ఉందా?" అంది ఏంజెలిన్.

"నేదమ్మా."

అందరూ వెళ్లాక బేబి వచ్చి రెండు చేతులూ పట్టుకుంది. దాని కళ్లల్లో నీళ్లు.

"నువ్వు సెయ్యని పనులు కూడా నీ మీదేసుకుని సెప్పావు. ఈ పని నాకిప్పించడానికేనా అక్కా?"

అప్పలలక్ష్మికి ఒళ్లంతా భగ్గున మండింది.

"అవునే" అంది.