వెంట్రుకంత ఇరుసు

మొన్న ఉదయం పలాస నుంచి ఫోన్ వచ్చింది. మేనత్త కూతురు. "వదినా, అమ్మ పోనాది," అంది. "కాపీ తాగినాది, గ్లాసు కింద ఎట్టినాది. గోడకి ఆనుకుని కూకుంటే కునుకు తీత్తన్నాదనుకున్నాం," అంది. తొంభై దాటిన మనిషి. బాధ పడకుండా వెళ్లిపోయిందని అందరూ అంటున్నారు. నాకు మాత్రం ఆమె ఇంక ఏదీ అడగదన్న సంగతి మింగుడు పడడం లేదు. అంతగా ప్రశ్నలడిగే మనిషిని నేను మరొకరిని చూడలేదు.

అరవైల చివర్లో నాకు కాశీబుగ్గలో ఆడపిల్లల బడిలో టీచరు ఉద్యోగం వస్తే అత్తావాళ్లింట్లోనే దిగాను. వీధి గదిలో మావ వాచీల షాపు, వెనకాల కాపురం. అత్తది ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల మధ్య ఊరు. ఏ వస్తువు చూసినా దాని లోపల ఏముందో తెలిసేదాకా ఆమెకు తోచేది కాదు. ఒకసారి నా గొడుగు తెరుచుకోకపోతే బాగుచేసింది. చేశాక కూడా ఇవ్వకుండా తెరుస్తూ మూస్తూ, "ఈ తీగ ఇలాగొంగితే గుడ్డ ఎలాగ సాగుతాదో సూడు," అంటూ నన్ను వానలో నిలబెట్టింది. ఆ రోజు బడికి ఆలస్యంగా వెళ్లాను.

ఆ ఏడే మావ కలకత్తా నుంచి చిన్న లేతు తెప్పించాడు. ట్రంకు పెట్టెలో పట్టేంత, లోహాన్ని తిప్పుతూ చెక్కే యంత్రం. పక్కన మోటారు, కింద కాలితో తొక్కితే వేగం పెరిగే మీట. మీలో చేతి వాచీ లోపల చూసినవాళ్లకు గుర్తుంటుంది, అటూ ఇటూ ఊగే ఒక చక్రం. దాని నడుమ ఉండే సన్నని ఉక్కు పుల్లే ఇరుసు. రెండు కొనలూ ఇంచుమించు తలవెంట్రుకంత. వాచీ కింద పడితే ముందు విరిగేది అదే. అప్పటిదాకా కొత్తది కలకత్తా నుంచి రావలసిందే. పాతకాలపు గడియారమైతే అక్కడా దొరికేది కాదు. "ఇకమీదట మనవే సేసుకుందుం," అని మావ సంబరపడ్డాడు.

ఆ సంబరం నిలవలేదు. మావ చేతులు వణకడం మొదలైంది. మొదట టీ గ్లాసు దగ్గర గమనించాం. తర్వాత పట్టకారుతో స్క్రూ పట్టుకుంటే అది ఎగిరిపోయేది. అత్తా నేనూ నేల మీద పాకుతూ వెతికేవాళ్లం. విశాఖపట్నంలో డాక్టరు ఇది తగ్గేది కాదన్నాడు. మావ ఇంటికొచ్చి లేతు మీద తువ్వాలు కప్పేశాడు. బరంపురంలో వాచీల షాపు ఉన్న ఒకాయనకు, వచ్చి దాన్ని తీసుకుపొమ్మని కబురు పెట్టాడు.

మర్నాడు మధ్యాహ్నం నేను భోజనానికి వచ్చేసరికి తువ్వాలు మడతపెట్టి ఉంది. అత్త లేతు ముందు కూర్చుంది. మావ గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏటి సేత్తన్నావు?"

"సూత్తన్నాను."

"సూసింది సాలు, లెగు. అది జీడిపప్పు వొలుపు కాదు."

అత్త లేవలేదు. "పప్పు ఇరక్కుండా పొట్టు తీసిన సెయ్యే కదా ఇదీ. నువ్వు సెప్పు, నాను సేత్తాను."

మావ లోపలికి పోయి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. తన పీట మీద మరొకరు కూర్చోవడం చూడలేకపోయాడు పాపం.

అత్త తనంతట తనే మొదలుపెట్టింది. సొరుగులో మావ ఎర్రగా కాల్చి నూనెలో ముంచి ఉంచిన ఉక్కు పుల్లలున్నాయి. ఒకదాన్ని లేతుకు బిగించి సన్న ఉలి ఆనించేది. ఉలి జారేది. గట్టిగా అదిమితే పుల్ల పుటుక్కుమనేది. విరిగిన ముక్కలన్నీ తెల్ల కాగితం మీద పేర్చి, కంటికి భూతద్దం పెట్టుకుని చూసింది. విసుగు పడుతుందనుకున్నాను. మొహం వెలిగిపోతోంది.

"ఒలే, ఇల్రా. ఇరిగిన సోట ఇసక లాగున్నాది. మామూలు తీగ ఇలాగిరగదు. ఇదెందుకిరిగింది?"

నన్నే అడుగుతోంది, గొంతు మాత్రం వెనక గదికి వినపడేంత పెంచింది. నాకేం తెలుసు! లోపలి నుంచి మావ గొంతు వినపడింది.

"నీలం సేసినావేటి?"

"నీలమేటి?"

మావ లేచి వచ్చాడు. నూనెలో ముంచిన ఉక్కు గాజులా పెళుసుగా ఉంటుందట. దాన్ని మళ్లీ నెమ్మదిగా కాచాలి. ఇనప గరిటెలో ఇత్తడి పొడి పోయించి, దాని మీద మెరుగు పెట్టిన పుల్ల ఉంచి, కింద స్పిరిట్ దీపం వెలిగించమన్నాడు.

"ముందు ఎండుగడ్డి రంగు వొత్తాది. దాని తరవాత వంకాయ రంగు. అదీ దాటి నీలం తిరిగీసరికి తీసీయాల. ఆలిస్యమైతే మెత్తబడిపోతాది."

ముగ్గురం ఆ గరిటె మీదికి వంగాం. తెల్లటి ఉక్కు మీద గడ్డి రంగు పాకింది, వంకాయ రంగు కమ్మింది, ఒక్కసారిగా పాలపిట్ట రెక్కలా నీలం మెరిసింది. "తీ!" అని మావ అరిచేలోగానే అత్త తీసేసింది.

సంతబొమ్మాళి పురోహితుడు గారి జేబు గడియారం ఒకటి బాగుకు వచ్చి ఉంది. వాళ్ల నాన్నగారిది. రాతి అరుగు మీద పడి ఇరుసు విరిగింది. దానికే పూనుకుంది అత్త. కాస్త చెక్కడం, మోటారు ఆపడం, కొలవడం. "కంటికి సరిపోయిందీ అంటే ఇంకోపాలి కొలవాలన్నమాటే," అనేది. తర్వాత మా ఇళ్లలో ఎవరికి పెళ్లి సంబంధం చూసినా ఇదే మాట అని నవ్వించేది.

బరంపురం ఆయన వచ్చిన నాటికి కొత్త ఇరుసు గడియారంలో కూర్చుంది. పడుకోబెడితే చక్కగా ఆడుతోంది, నిలబెడితే మందగిస్తోంది. ఆయన కుర్చీలో కూర్చుని చేతిసంచీ ఒళ్లో పెట్టుకున్నాడు. అత్త మావ వైపు చూసింది. వణికే చేతుల్లో అది నిలవదు కనుక తనే గడియారాన్ని మావ చెవికి ఆనించింది. మావ కళ్లు మూసుకుని విన్నాడు.

"కొన గరుగ్గా ఉన్నాది. ఇంకా నున్నగా రావాల."

అత్త మళ్లీ విప్పింది. కొనకు మెరుగు పెట్టి, బిగించి, మళ్లీ మావ చెవి దగ్గర నిలబెట్టి పట్టుకుంది. ఈసారి నిలబెట్టినా మందగించలేదు. మావ కళ్లు తెరిచి బరంపురం ఆయనతో అన్నాడు:

"ఏటనుకోకు అన్నాయ్. లేతు కాళీ లేదు."

మావ పోయేదాకా ఆ షాపు అలాగే నడిచింది, ఆయన వినడం, ఆమె చెక్కడం.

ఆ ఆదివారం గడియారం ఇవ్వడానికి ముగ్గురం బస్సెక్కాం. చేసింది అత్త అని మావే చెప్పాడు. పురోహితుడు గారు గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుని, "ఎవరు చేస్తేనేం తల్లీ, ముల్లు తిరగాలి గానీ," అన్నారు. అక్కడి నుంచి సముద్రానికి వెళ్లాం. మావా నేనూ తడి ఇసక మీద నడుస్తూ చాలా దూరం పోయి వెనక్కి చూస్తే అత్త లేదు. ఎక్కడో వెనకాల గొంతుక్కూర్చుని ఉంది. దగ్గరికెళ్తే, కందిగింజంత పీత ఒకటి బొరియ చుట్టూ ఇసక ఉండలు చుట్టి పెడుతోంది.

"అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. దేంతో కొలుత్తన్నాదీ?" అంది మమ్మల్ని చూడకుండానే.

పొద్దు వాలుతోంది, బస్సు దొరకదని మావ తొందర పెట్టాడు. అల వచ్చి ఆమె చీర కుచ్చిళ్లు తడిపి, ఆ ఉండల్లో సగం చెరిపేసి పోయింది. అత్త కదల్లేదు. ఒక చెయ్యి మాత్రం మా వైపు ఎత్తింది, ఆగమని. పీత బొరియలోంచి బయటికొచ్చి, మళ్లీ మొదటి ఉండ చుట్టడం మొదలుపెట్టింది.