మూడు పసుపు పోగులు

"పైటచెంగు కాదప్పా. దాన్ని లోకమంతా చూస్తాది. నాకు కావాల్సింది ఆయమ్మ నడుములో దోపుకున్న కొస. అది ఏ ఫొటోలో పడతాదో చెప్పు, చూస్తాం!"

నాగలక్ష్మమ్మ కళ్ళద్దాలు ముక్కు కొసకు జార్చుకుని పుస్తకాన్ని మళ్ళీ వెలుతురుకు తిప్పింది. అనంతపురం రైల్వేస్టేషన్ అంగడిలో గిరి కొనుక్కొచ్చిన ఇంగ్లీషు ఫ్యాషన్ పుస్తకం అది. గిరి మైకుసెట్టు మనిషి. ధర్మవరంలో ఎప్పుడు సభ జరిగినా, పని అయ్యాక ఈ ఇంటి అరుగు మీద కూర్చుని ఆమె చెప్పేది వినడం అతనికి అలవాటు. పుస్తకం అట్ట మీద, జనం మంత్రమ్మ అని పిలుచుకునే మహిళా మంత్రి నిలబడి ఉంది. చిలకపచ్చ పట్టుచీర, వంకాయరంగు అంచు, అంచు నిండా హంసలు.

"వాల్‌పోస్టర్లో అయితే ఎప్పుడూ దండం పెడతా ఉంటాది," అన్నాడు నాగలక్ష్మమ్మ భర్త పుల్లన్న, దారం చుడుతూనే. "ఈడ చూడు, నడుం మీద చెయ్యి పెట్టుకోని, మనమే పోయి ఆయమ్మను ఓటు అడగల్ల అన్నట్టు నిలబడుకోనుండాది."

"నిలబడనీ. నా చీర కట్టుకున్నాక ఆ మాత్రం ఠీవి ఉండల్ల."

"నీ చీరని ఎవరు చెప్పినారే?"

చిక్కంతా అక్కడే ఉంది. షావుకారు ఆ హంసల డిజైను వీధిలో నాలుగు మగ్గాలకు ఇచ్చాడు. ఒక్కో పడుగుకు మూడు చీరలు. అన్నీ కలిపి పన్నెండు, పన్నెండూ చిలకపచ్చే. అట్టబొమ్మ ఫోన్లలోకి వచ్చిన రోజు నుంచీ నాలుగిళ్ళ వాళ్ళూ చీర మాదంటే మాదంటున్నారు. ఎదురింటి జ్యోతిలక్ష్మి ఏకంగా ఆ బొమ్మకు పటం కట్టించి గడప పైన తగిలించింది. కొళాయి దగ్గర బిందె పెట్టినా "మా మంత్రమ్మ చీర" అనే మొదలుపెడుతోంది.

"నువ్వూ ఒక పటం కట్టించు అక్కా. సరిపోతాది," అన్నాడు గిరి.

నాగలక్ష్మమ్మ నవ్వలేదు. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని అంచు మీది హంసను వేలితో తడిమింది.

"ముప్పై అయిదేండ్లుగా నేస్తాండా గిరీ. మగ్గం దిగినాక ఒక్క చీరన్నా యాడికి పోయిందో నాకు తెలీదు. ఎవరి పెండ్లికి పోయినాయో, ఏ బీరువాలో మడత పడినాయో. పలానా చీర పలానా చోట ఉండాదని ఒక్కదాని గురించన్నా తెలుసుకోవల్లని ఆశ. అంతే."

గిరి అరుగు మీద ఇంకాస్త సర్దుకుని కూర్చున్నాడు. అతను వింటూ కూర్చుంటే ఆమెకు మాటలు ఎక్కువొస్తాయి.

కాపురానికి వచ్చిన కొత్తలో అత్త ఓబమ్మ ఒక పద్ధతి నేర్పింది. చీర నేయడం పూర్తయితే, మగ్గం మీద నుంచి కోసే ముందు దాని కొసకు పసుపు రాయాలి. ఇంటి ఆడపిల్లను సాగనంపినట్టన్నమాట. నాగలక్ష్మమ్మ తన మొదటి చీరకు భక్తి కొంచెం ఎక్కువై అరచేతి నిండా పూసింది. లేత గులాబీ చీర. షావుకారు లబోదిబోమన్నాడు. మరుసటి చీరకు ఆమె పసుపు ముట్టుకోలేదు. మిగిలిన పసుపురంగు పట్టు వెతికి, లోపలికి పోయే కొసలో అడ్డంగా నాలుగు పోగులు నేసి ఊరుకుంది. షావుకారు చూసి, ఎవరికీ కనపడదు కదా అని వదిలేశాడు. అత్త చూసి మెచ్చుకుంది. ఏడాది తిరిగేసరికి వీధిలో అన్ని మగ్గాల మీదా నాలుగు పసుపు పోగులు పడ్డాయి. జ్యోతిలక్ష్మికి దగ్గర కూర్చుని నేర్పింది ఈమే.

"అందరూ నాలుగే వేస్తే నీ చీరని ఎట్ల తెలుస్తాది అక్కా?"

ఆమె ఎదురింటి తలుపు వైపు ఓరగా చూసింది. గొంతు తగ్గించింది.

"నా హంసల చీరల్లో కడపటిదానికి మూడే."

పుల్లన్న చేతిలో దారం ఆగింది.

పోయిన ఏడాది, హంసల పడుగు మీద మూడో చీర. ఇంకా బెత్తెడే మిగిలింది. మధ్యాహ్నం ఉన్నట్టుండి వాన విరుచుకుపడింది. వీధి కాలువ పొంగి, నీళ్ళు గడప దాటి మగ్గం గుంతలోకి దిగాయి. గుంతలో కాళ్ళు పెట్టుకునే నేయాలి. పాదాలు మునిగాయి, పిక్కలు మునిగాయి. కప్పు కారుతుంటే పుల్లన్న పాత ఫ్లెక్సీ తెచ్చి మగ్గం మీద రెండు చేతులా పట్టుకున్నాడు. అంతలో కంబదూరు నుంచి తమ్ముడు చిన్నప్ప ఫోను. పుట్టింటి వాళ్ళకు మగ్గంతో పాటు రెండెకరాల మెట్ట ఉంది, శనక్కాయ విత్తి నెలన్నరగా వాన కోసం మొగులు వైపు చూస్తున్నారు.

"అక్కా, వాన! వాన పడతాండాది అక్కా!"

"నా గుంతలో గూడా పడతాండాది లేరా!" అని అరిచి ఆమె ఫోను పక్కన పడేసింది. తమ్ముడి పంట బతికిందని నవ్వు, చీర తడుస్తుందని ఏడుపు, రెండూ ఒకేసారి వచ్చాయి. మోకాళ్ళ దాకా నీళ్ళు వచ్చేసరికి మూడు పసుపు పోగులు పడ్డాయి. నాలుగోదానికి ఆగలేదు. కోసి, చుట్టి, గుండెలకు హత్తుకుని అరుగెక్కింది.

"నాకు గూడా చెప్పలేదే!" అన్నాడు పుల్లన్న. "చేతులు పడిపోయేలా ఫ్లెక్సీ పట్టుకున్యా గదే నేను!"

"నీకు చెప్తే టీ అంగడికాడ గిరి మైకు గూడా అక్కర్లేదు."

గిరికి నవ్వాగలేదు. ఎల్లుండి అనంతపురంలో మంత్రమ్మ సభ ఉంది, మైకు అతనిదే. ఆ సంగతి నాగలక్ష్మమ్మకూ తెలుసు. పుస్తకానికి పాత పంచె ముక్క చుట్టి అతని చేతిలో పెట్టింది.

"ఆయమ్మ వెంబడి ఒక ఆడమనిషి ఉంటాది గదా, ఆ పిల్లను మెల్లగా అడుగు. ఇంటికి పోయినాక ఈ చీర మడత విప్పి, లోపలి కొసలో పసుపు పోగులు ఎన్నుండాయో చూసి నీకు ఫోను చెయ్యమను. సభలో మైకులో మటుకు అడగద్దు నాయనా, నీకు దండం."

గిరి వీధి మలుపు దాకా పోయాక వెనక నుంచి మళ్ళీ పిలిచింది. పైట సర్దుకుంటూ పరుగున వచ్చి అతని చెవి దగ్గర చెప్పింది.

"మూడుంటే, నీ మైకుసెట్టు పెద్ద పెట్టెలు రెండూ తెచ్చి జ్యోతిలక్ష్మి ఇంటి ముందర పెట్టి చెప్పు. నాలుగుంటే మాత్రం ఫోను చెయ్యద్దు. వచ్చి నాకొక్కదానికే చెప్పు."