పరికిణీ కింద మోకాళ్ళు

మా డ్రిల్లు మాస్టారు ఎవరికైనా పరుగు నేర్పడం నేను చూడలేదు. ఎనభైల మొదట్లో, హార్బరు క్వార్టర్ల దగ్గర మా బడి గ్రౌండంతా ఎర్రటి ఖనిజం దుమ్ము. ఆయన మెడలో ఈల వేసుకుని నీడలో కుర్చీ వేయించుకునేవాడు. ఖోఖో మాకు మేమే నేర్చుకున్నాం. పోటీలు దగ్గరపడ్డాక మాత్రం ఆయన కుర్చీలోంచి లేచి, మాకు మోకాళ్ళు వంచడం నేర్పాడు.

ఆ పోటీల్లో జూనియర్లెవరో వయసు చూసి తేల్చేవారు కాదు. మా పుట్టిన తేదీలు ఇంట్లోవాళ్ళకే తెలియవు. రెండు గుంజలు పాతి అడ్డకర్ర కట్టేవారు. దానికి తల తగలకపోతే జూనియర్, తగిలితే సీనియర్. సీనియర్ జట్టు పదో తరగతి వాళ్ళతో నిండిపోయింది. జూనియర్లలోనైతే నన్ను పట్టుకోగలిగినవాళ్ళే లేరు. కానీ నా తల ఆ కర్రకి రెండు వేళ్ళు పైన ఉండేది.

"అందరూ పరికిణీల్లో రండి. నడుం నిటారుగా ఉండాలి, మోకాళ్ళే వంగాలి. లోపల సంగతి ఎవడికి కనపడుద్ది?" అన్నాడు మాస్టారు, మహా వ్యూహం పన్నినట్టు. ఇంట్లో చెప్పొద్దని ఒట్టు కూడా వేయించుకున్నాడు. పదిహేను రోజులు అదే సాధన. ఎదిగే పిల్లల్ని కుదించడమే ఆయనకు వచ్చిన వ్యాయామ విద్య.

కొలతల రోజున మా నాన్న వచ్చాడు. సబ్బవరం పక్క పల్లె నుంచి వచ్చి హార్బరులో కళాసీగా చేరినవాడు. తన వాటా పాలు నాకే పోసి, నెలనెలా ద్వారబంధం మీద బొగ్గుతో నా ఎత్తు గీసి, వచ్చినవాళ్ళందరికీ చూపించి విసిగించేవాడు.

నేను వంగాను. కర్ర కింద చక్కగా ఇమిడాను.

"ఆగండి బాబూ!" నాన్న తాడు దాటి వచ్చేశాడు. "ఆ కర్రలో ఏదో తేడా ఉంది. మా గుంట దానికన్నా పొడుగు. ఇంటికాడ గీత ఉంది, రండి, సూపిత్తాను. మల్లీ కొలవండి!"

ఈసారి ఒక టీచరమ్మ నా మోకాళ్ళ మీద చెయ్యి వేసి నిలబెట్టింది. తల ఠపీమని కర్రకి తగిలింది. మాస్టారు నన్నెరగనట్టు ఈల తుడుచుకున్నాడు. జట్టు నేను లేకుండా వెళ్ళి మొదటి ఆటలోనే ఓడింది. ఆయన నేర్పిన విద్యకి అంతకంటే ఏమొస్తుంది?

నాన్న మాత్రం గెలిచినట్టే నడిచాడు. "సూసావా, నీ ఎత్తు ఎవుడు దాసగలడు?" అన్నాడు.

నాకు ఆయన మీద ఒళ్ళు మండిపోయింది. ఇంటికెళ్ళి, ఆయన చూస్తుండగానే, ద్వారబంధం మీది గీతలన్నీ తడిగుడ్డతో తుడిచేశాను. నెల తిరిగింది, నాన్న బొగ్గు పట్టుకోలేదు. ఆ తర్వాతా పట్టుకోలేదు. మాస్టారిని ఇంతసేపు తిట్టాను గాని, ఆ తడిగుడ్డ పట్టుకున్నది నేనే.